అసంపూర్ణ వాక్యం, మేల్కొన్న శ్రోత: ‘డాక్టర్ హూ’ అభిమానుల ఊహాగానాలపై శాబ్దబోధ దృష్టితో ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

పూర్తయిన రచనను ఎదుట పెట్టుకొని దాని అర్థాన్ని విచారించడం విమర్శకు అలవాటైన పని. ఆదిమధ్యాంతాలు తెలిసిన తరువాతే ఏ భాగం దేనికి అంగమో నిర్ణయించగలుగుతాం. మరి ముగింపే లేని కథను ఎలా చదవాలి? రచయితలు మారుతూ, నటులు మారుతూ, దశాబ్దాల తరబడి సాగుతున్న కథ విషయంలో ‘కృతి’ అనే మాటకు హద్దులు ఎక్కడ? ఈ ప్రశ్నలను అత్యంత స్పష్టంగా ముందుకు తెచ్చే ఉదాహరణల్లో బ్రిటన్‌కు చెందిన విజ్ఞాన కాల్పనిక టెలివిజన్ ధారావాహిక ‘డాక్టర్ హూ’ ఒకటి. 1963 నవంబరు 23న బి.బి.సి.లో మొదలైన ఈ ధారావాహిక 1989లో ఆగి, 1996లో ఒక టెలివిజన్ చిత్రంగా మాత్రం కనిపించి, 2005లో తిరిగి ప్రారంభమైంది. 2025 మే 31న ప్రసారమైన భాగం కూడా ఒక కొత్త ప్రశ్నను ప్రేక్షకుల ముందు ఉంచి ముగిసింది.

ఇంత దీర్ఘకాలం సాగిన కథ చుట్టూ అభిమానుల ఊహాగానాలు అల్లుకోవడం సహజం. రాబోయేది ఏమిటి, చెప్పకుండా వదిలినది ఏమిటి, రెండు భాగాల మధ్య వైరుధ్యాన్ని ఎలా పరిహరించాలి అనేవి ఆ ఊహలకు విషయాలు. జాన్ టుల్లక్, మాన్యుయెల్ అల్వరాడో 1983లో ఈ ధారావాహికపై వెలువరించిన గ్రంథం, హెన్రీ జెంకిన్స్ 1992లో అభిమానుల పఠనపద్ధతులపై రాసిన పుస్తకం, టుల్లక్, జెంకిన్స్ కలిసి 1995లో ప్రచురించిన అధ్యయనం ఈ క్షేత్రానికి పునాదులు వేశాయి. అభిమాని నిష్క్రియుడైన వినియోగదారుడు కాడని, కృతిని తన అవసరాలకు అనుగుణంగా మలచుకొనే క్రియాశీలి అని ఈ పరంపర స్థాపించింది. అయితే ఆ అధ్యయనాల ప్రధానదృష్టి అభిమానుల సామాజిక స్థితిపై, వారికీ నిర్మాతలకూ మధ్య ఉన్న అధికార సంబంధంపై నిలిచింది. ఒక ఊహ అర్థగ్రహణంగా ఎంత సమర్థమైనది, దాన్ని ఏ ప్రమాణంతో తూచాలి అనే ప్రశ్న సాహిత్యవిమర్శకు మిగిలే ఉంది. ఆ ప్రశ్నకు భారతీయ శాబ్దబోధ సిద్ధాంతం ఉపయోగకరమైన ప్రమాణాలను ఇస్తుందని, వాటి వెలుగులో అభిమానుల ఊహ కృతికి వెలుపలి సందడి కాదనీ, దీర్ఘ ధారావాహిక ఒకే కథగా నిలవడానికి అవసరమైన అంగమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

వాక్యం నుంచి మహావాక్యానికి

పదాల సముదాయమంతా వాక్యం కాదు. పదాలు అన్వయించి అర్థాన్ని ఇవ్వాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. నైయాయికులు తాత్పర్యజ్ఞానాన్ని కూడా వీటితో చేర్చారు. ఒక పదం వినగానే మరొక పదం కోసం శ్రోతలో కలిగే అపేక్ష ఆకాంక్ష. ‘ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు’ అని వరుసగా చెబితే వాటి మధ్య ఆకాంక్ష లేదు కనుక వాక్యం ఏర్పడదు. పదార్థాల మధ్య పరస్పర బాధ లేకపోవడం యోగ్యత. ‘నిప్పుతో తడుపుతున్నాడు’ అనే మాటలో ఆకాంక్ష ఉన్నా యోగ్యత లేదు. పదాలను విలంబం లేకుండా ఉచ్చరించడం సన్నిధి. జాముకొక పదం చొప్పున పలికితే వాక్యార్థం సిద్ధించదు. వక్త ఉద్దేశం తాత్పర్యం.

వాక్యానికి చెప్పిన ఈ నియమాలను ఒక కథాప్రబంధానికి అన్వయించడం అతివ్యాప్తి కాదు. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు యోగ్యతాకాంక్షాసత్తులు గల వాక్యాల సముదాయాన్ని మహావాక్యం అన్నాడు. రామాయణ, భారత, రఘువంశాలను దానికి ఉదాహరణలుగా చూపాడు. అంటే ఒక పూర్తి ప్రబంధం కూడా ఒకే వాక్యంలా అన్వయించాలన్నది ఆయన అభిప్రాయం. అయితే ఆయన ఉదాహరణలన్నీ శ్రోత చేతికి సమగ్రంగా అందిన గ్రంథాలు. ధారావాహిక అలా అందదు. వారానికో నెలకో ఏడాదికో ఒక ముక్క చొప్పున అందుతుంది. అంటే శాస్త్రం దోషంగా చెప్పిన విలంబమే ఇక్కడ ప్రక్రియాధర్మం. జాముకొక పదం పలికినా వాక్యం ఏర్పడుతున్నదంటే, లోపించిన సన్నిధిని మరెవరో సమకూరుస్తూ ఉండాలి.

తెలుగు ప్రేక్షకులకు ఈ స్థితి అపరిచితం కాదు. 2015 జులైలో విడుదలైన ‘బాహుబలి’ తొలిభాగం కట్టప్ప చర్యకు కారణం చెప్పకుండా ముగిసి, 2017 ఏప్రిల్‌లో రెండవభాగం వచ్చేదాకా ఆ ప్రశ్నను ప్రేక్షకుల నోట నిలిపింది. అక్కడ ప్రశ్న ఒకటే, దర్శకుడు ఒకరే, సమాధానం వస్తుందన్న హామీ ముందే ఉంది. ‘డాక్టర్ హూ’లో ప్రశ్న వేసినవారే అది ప్రశ్న అని మరచిపోవచ్చు. సమాధానం చెప్పేవాడు ప్రశ్న వేసిననాటికి పసివాడై ఉండవచ్చు.

కథానాయకుడు, అతని దేహాంతరాలు

ఈ ధారావాహిక శీర్షికే ఒక ఆకాంక్ష. లండన్‌లోని ఒక పాఠశాల విద్యార్థిని ప్రవర్తన చూసి అనుమానించిన ఇద్దరు ఉపాధ్యాయులు ఆమెను వెంబడించి, పాత సామాను గోదాములో పోలీసు పెట్టె రూపంలో ఉన్న కాలనౌకను, అందులో ఆమె తాతగారిని కనుగొంటారు. లక్నోలో జన్మించిన వారిస్ హుస్సేన్ దర్శకత్వం వహించిన ఈ తొలికథలో ఆ వృద్ధునికి ‘డాక్టర్’ అన్న మాట తప్ప వేరే పేరు లేదు. అతని జాతికి ‘టైమ్ లార్డ్స్’ అన్న పేరు ఏర్పడడానికి 1969లో వచ్చిన ‘ది వార్ గేమ్స్’ వరకు ఆగవలసివచ్చింది.

1966లో ప్రధాననటుడు విలియం హార్ట్‌నెల్ తప్పుకోవలసివచ్చినప్పుడు నిర్మాతలు ఒక అపూర్వమైన ఉపాయం పన్నారు. ఆ ఏడాది అక్టోబరు 29న ప్రసారమైన ‘ది టెన్త్ ప్లానెట్’ చివరిభాగంలో డాక్టర్ నేలకొరిగి, పాట్రిక్ ట్రౌటన్ రూపంలో లేస్తాడు. తరువాత ‘రీజెనరేషన్’గా స్థిరపడిన ఈ ప్రక్రియను ఈ వ్యాసంలో దేహాంతరం అని వ్యవహరిస్తున్నాం. పునర్జన్మలో వలె ఇందులో పూర్వస్మృతి నశించదు. దేహం, స్వభావం మారుతాయి, వ్యక్తి అతడే. నటుని నిష్క్రమణ అనే నిర్మాణపరమైన చిక్కు ఈ విధంగా కథానియమమైంది. ఎన్ని దేహాలు సాధ్యం, ఇప్పటికి ఎన్ని గడిచాయి, తొలిదేహం ఏది అనే ప్రశ్నలు ఆ నియమం నుంచే పుట్టాయి. అభిమానుల ఊహాగానాలలో దీర్ఘకాలం నిలిచినవి ఇవే.

ఆకాంక్షకూ యోగ్యతకూ మధ్య: 1976 నాటి రెండు కథలు

1976 జనవరిలో ప్రసారమైన ‘ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్’ కథలో డాక్టర్, మోర్బియస్ అనే దుష్టుడు మనోద్వంద్వానికి దిగుతారు. ఓడుతున్నవాడి గతరూపాలు ఒక తెరపై వెనక్కి వెనక్కి కనిపిస్తాయి. అప్పటి డాక్టర్ టామ్ బేకర్ తరువాత, అంతకుముందున్న ముగ్గురు డాక్టర్ల ముఖాలు వస్తాయి. అక్కడితో ఆగకుండా మరో ఎనిమిది అపరిచిత ముఖాలు కనిపిస్తాయి. అవి నిజానికి నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్, కథాసంపాదకుడు రాబర్ట్ హోమ్స్, దర్శకుడు క్రిస్టఫర్ బారీ మొదలైన నిర్మాణబృంద సభ్యులవి. డాక్టర్‌కు హార్ట్‌నెల్ కంటె ముందే రూపాలున్నాయని సూచించడమే తన ఉద్దేశమని హించ్‌క్లిఫ్ తరువాతి కాలంలో చెప్పాడు.

అదే ఏడాది అక్టోబరు, నవంబరు నెలల్లో వచ్చిన ‘ది డెడ్లీ అసాసిన్’ను రాసినవాడు ఆ హోమ్సే. టైమ్ లార్డ్ పన్నెండుసార్లు మాత్రమే దేహాంతరం పొందగలడని ఆ కథ నిర్దేశించింది. ఆ నియమం డాక్టర్ కోసం పుట్టినది కాదు. అతని ప్రతినాయకుడైన మాస్టర్ తన దేహాలన్నీ అయిపోయి, శిథిలశరీరంతో ప్రాణం కోసం తెగించాడని చూపడానికి పుట్టింది. కాని ఒకసారి చెప్పిన మాట కథాలోకానికంతటికీ శాసనమవుతుంది. పై ఎనిమిది ముఖాలను డాక్టర్ పూర్వరూపాలుగా లెక్కిస్తే అతనికి మిగిలిన ఆయువు దాదాపు లేనట్టే. 1983లో ‘మాడ్రిన్ అండెడ్’ కథలో ఐదవ డాక్టర్ తాను నాలుగుసార్లు మాత్రమే దేహాంతరం పొందానని స్పష్టంగా చెప్పాడు. అదే ఏడాది వచ్చిన ‘ది ఫైవ్ డాక్టర్స్’లో తొలి డాక్టర్ తానే మూలరూపమని ప్రకటించాడు.

ఇక్కడ అభిమానులు చేసిన పని మీమాంసకుల విరోధపరిహారాన్ని తలపిస్తుంది. చూపిన దృశ్యాన్ని కాదనలేరు. తరువాతి వచనాలనూ కాదనలేరు. కనుక ఆ ముఖాలు డాక్టర్‌వి కావు, మోర్బియస్‌వే అని ఒక వర్గం వ్యాఖ్యానించింది. ద్వంద్వం పరస్పరమైనది కనుక ఆ వ్యాఖ్యకు యోగ్యత ఉంది. నిర్మాతల తాత్పర్యం వేరని తెలిసిన తరువాత కూడా చాలామంది ఈ అన్వయాన్ని వదలలేదు. వక్త ఉద్దేశం కంటె మహావాక్యపు పరస్పరాన్వయానికే వారు ప్రాధాన్యమిచ్చారు. దీన్ని మొండితనం అనడం తేలిక. కాని ఒక్క దృశ్యం కోసం మిగిలిన కథనంతటినీ నిరర్థకం చేయరాదన్న వివేకం ఇందులో ఉంది.

పన్నెండు దేహాంతరాల పరిమితి ఇంకా బలమైన ఆకాంక్షను రేపింది. లెక్క పూర్తయిననాడు కథ ఏమవుతుంది? ధారావాహికను ఆపరన్నది అందరికీ తెలుసు. అది వ్యాపార వాస్తవం. కథలో దానికి యోగ్యమైన కారణం ఏమి చూపుతారన్నదే ప్రశ్న. ‘ది ఫైవ్ డాక్టర్స్’లో టైమ్ లార్డ్స్ మాస్టర్‌కు కొత్త దేహాంతర చక్రాన్ని ప్రతిఫలంగా ఇవ్వజూపిన సందర్భాన్ని అభిమానులు దీనికి ఆధారంగా చూపుతూ వచ్చారు. 2013 మే నెలలో జాన్ హర్ట్ రూపంలో, అంతకుముందు లెక్కలో లేని ఒక డాక్టర్ తెరపైకి రావడంతో గణన మారింది. ఆ డిసెంబరు 25న వచ్చిన ‘ది టైమ్ ఆఫ్ ది డాక్టర్’లో స్టీవెన్ మొఫాట్ ఆ రూపాన్ని, 2008లో రూపం మారకుండానే ఖర్చయిన ఒక దేహాంతరాన్ని కలిపి లెక్కించి, మ్యాట్ స్మిత్‌ది చివరిదేహమని నిర్ణయించాడు. టైమ్ లార్డ్స్ అతనికి కొత్త చక్రాన్ని ప్రసాదించారు. అభిమానుల ఊహ ఫలించిందన్నది ఇక్కడ ముఖ్యం కాదు. ముప్పై ఏళ్ల నాటి ఒక సంభాషణలో ఉన్న యోగ్యతను వారు ముందే గుర్తించారన్నది ముఖ్యం. మంచి ఊహకు గుర్తు భవిష్యత్తును సరిగా చెప్పడం కాదు, గతాన్ని సరిగా చదవడం.

చూపని కాలం: అర్థాపత్తి

దేవదత్తుడు పగలు తినడు, అయినా బలిసి ఉన్నాడు. కనుక రాత్రి తింటున్నాడని కల్పించుకోవాలి. అర్థాపత్తికి ఇది ప్రసిద్ధోదాహరణ. రెండు ప్రమాణసిద్ధ విషయాల మధ్య కనిపించే అనుపపత్తిని మూడవ విషయం కల్పించి తొలగించడం దాని లక్షణం. అభిమానుల ఊహల్లో ఎక్కువభాగం ఈ కోవకు చెందినవే.

‘ది వార్ గేమ్స్’ ముగింపులో టైమ్ లార్డ్స్ రెండవ డాక్టర్‌ను పట్టుకొని, విచారించి, రూపం మార్చి భూమికి బహిష్కరిస్తారు. అంతవరకు అతడు వారినుంచి పారిపోయి తిరిగినవాడు. 1985లో వచ్చిన ‘ది టూ డాక్టర్స్’ కథలో ట్రౌటన్ అదే పాత్రలో మళ్లీ కనిపించాడు. వయసు మీదపడి ఉన్నాడు, పైగా టైమ్ లార్డ్స్ పనిమీద వచ్చాడు. పలాయితుడు వారి దూత ఎలా అయ్యాడు? నటుడికి వయసు పెరిగిందన్న సమాధానం తెర వెలుపలిది. కథ లోపల అది చెల్లదు. విచారణకూ రూపాంతరానికీ మధ్య డాక్టర్ కొంతకాలం టైమ్ లార్డ్స్ కోసం రహస్యంగా పనిచేశాడని అభిమానులు కల్పించారు. ‘ది వార్ గేమ్స్’ చివర కొత్త ముఖం చూపకుండానే దృశ్యం ముగియడం ఈ కల్పనకు అవకాశమిచ్చింది. ఆరవ, ఏడవ ధారల మధ్య ఉన్నదని దీనికి ‘సీజన్ 6బి’ అని పేరు పెట్టారు. 1995లో పాల్ కార్నెల్, మార్టిన్ డే, కీత్ టాపింగ్ తమ గ్రంథంలో ఈ వాదాన్ని ప్రతిపాదించారు. ‘ది వార్ గేమ్స్’ సహరచయిత టెరెన్స్ డిక్స్ 2005లో తన ‘వరల్డ్ గేమ్’ నవలకు దాన్నే ఆధారం చేసుకున్నాడు. మూలరచయిత వ్యాఖ్యాతల మార్గాన్ని అనుసరించిన అరుదైన సందర్భమిది. 2020 జనవరిలో జో మార్టిన్ అపరిచిత డాక్టర్‌గా ప్రత్యక్షమైనప్పుడు, ఆమె ఈ ఖాళీకాలానికే చెందినదై ఉంటుందని చాలామంది వాదించడం ఆ అర్థాపత్తి ఎంత స్థిరపడిందో తెలుపుతుంది.

సన్నిధిని నిలిపినవారు

ఆకాంక్షను పుట్టించేది రచయిత. యోగ్యతను కథాలోకం నిర్ణయిస్తుంది. సన్నిధి మాటేమిటి? 1960ల నాటి భాగాలలో చాలావాటి టేపులను బి.బి.సి. తరువాతి సంవత్సరాల్లో చెరిపివేసింది. టేపు ఖరీదైనది, పునఃప్రసార హక్కులు పరిమితమైనవి, ఇళ్లలో దృశ్యాలను దాచుకొనే సాధనాలు ఇంకా రాలేదు. దేహాంతరం అన్న భావనకు జన్మనిచ్చిన ‘ది టెన్త్ ప్లానెట్’ చివరిభాగమే పూర్తిరూపంలో దొరకకుండా పోయింది. ముఖం మారే కొద్ది క్షణాల దృశ్యం మరొక కార్యక్రమంలో వాడుకున్నందువల్ల మిగిలింది. కొత్త డాక్టర్ తొలికథ ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ ఆరుభాగాలూ పోయాయి.

అయినా ఆ ఆరింటి శబ్దం మిగిలింది. ప్రసార సమయంలో ఇళ్లలో కూర్చొని ధ్వనిని నమోదు చేసుకున్న ప్రేక్షకులు దానిని కాపాడారు. అలా నష్టమైన భాగాలన్నింటి శబ్దమూ దక్కింది. 2016లో బి.బి.సి. ఆ శబ్దం ఆధారంగానే ‘ది పవర్ ఆఫ్ ది డాలెక్స్’ను యానిమేషన్ రూపంలో పునర్నిర్మించింది. 2013లో నైజీరియా నుంచి రెండు కథలకు చెందిన తొమ్మిది నష్టభాగాలు తిరిగి లభించడం వెనుక కూడా ఔత్సాహికుల అన్వేషణే ఉంది. వక్త తన మాటను తానే చెరిపివేసినప్పుడు శ్రోత దాన్ని నిలిపి ఉంచాడు. ఇంతకంటె స్పష్టమైన సన్నిధి మరొకటి లేదు. 1976లో ఏర్పడిన అభిమాన సంఘం, 1979 నుంచి వెలువడుతున్న ప్రత్యేకపత్రిక కథాసారాలను, నటవర్గ వివరాలను, కాలక్రమాలను సమకూర్చాయి. పదేళ్ల క్రితం పలికిన పదం నేటి పదం పక్కన నిలబడింది ఆ శ్రమ వల్లనే.

ఇదే శ్రమ నుంచి రచయితలూ పుట్టారు. 1986లో ‘ది ట్రయల్ ఆఫ్ ఎ టైమ్ లార్డ్’ ధారపై ఒక టెలివిజన్ చర్చలో, రచయితల సమక్షంలోనే నిర్మొహమాటంగా విమర్శ వినిపించిన యువ అభిమాని క్రిస్ చిబ్నల్. 2018 నుంచి 2022 వరకు ధారావాహిక సారథ్యం అతనిదే. 2020 మార్చి 1న ప్రసారమైన ‘ది టైమ్‌లెస్ చిల్డ్రన్’లో, డాక్టర్‌కు మరచిపోయిన పూర్వజీవితాలు అనేకం ఉన్నాయని వెల్లడించి, ఆ స్మృతుల వరుసలో 1976 నాటి ఎనిమిది ముఖాలను చూపినవాడు అతడే. నలభైనాలుగేళ్ల విలంబం తరువాత ఒక పదానికి అన్వయం కుదిరింది. అభిమానుల స్మృతి లేకపోతే ఆ ముఖాలు ఒక నిర్మాణబృందపు చమత్కారంగానే మరుగునపడేవి.

అయితే అన్వయం కుదిరినంత మాత్రాన అది ఉత్తమమని చెప్పలేం. డాక్టర్ ఆకర్షణ అతని ఎంపికలో ఉంది. నిర్లిప్తమైన తన జాతిని కాదని, దొంగిలించిన నౌకలో బయలుదేరి, అన్యాయం కనిపించినచోట జోక్యం చేసుకొన్నవాడు అతడు. 2020 కథ ఆ సామాన్య ధిక్కారిని ఆ జాతి శక్తికే మూలమైన అసామాన్యునిగా మార్చింది. అపౌరుషేయమైన ఘనత దక్కినవాడి తిరుగుబాటుకు నైతికమైన బరువు తగ్గుతుందన్న అభిమానుల ఆక్షేపణను కేవల ఛాందసమని తోసిపుచ్చలేం. చిబ్నల్ పదసన్నిధిని సాధించాడు. మహావాక్య తాత్పర్యాన్ని కదిలించాడు. ఒక చిన్న వైరుధ్యాన్ని తీర్చడానికి మూలార్థాన్ని మార్చవచ్చునా అన్న ఈ వివాదం నిజమైన సాహిత్య వివాదం.

తాత్పర్యం లేని అర్థం

1982 జనవరిలో వచ్చిన ‘కాస్ట్రోవాల్వా’లో ఒక వృద్ధపాత్ర పోషించిన నటుని పేరు ‘నీల్ టాయ్‌నే’ అని ప్రకటించారు. అటువంటి నటుడు లేడు. ఆ పేరులోని ఆంగ్లాక్షరాలను మార్చి కూర్చితే టోనీ ఐన్లీ అవుతుంది. మారువేషంలో ఉన్నది మాస్టరేనని దాచడానికి నిర్మాతలు పన్నిన గూఢోక్తి ఇది. ఆ నాటి నుంచి పేర్ల పట్టికను కూడా కథాభాగంగా చదవడం అభిమానులు నేర్చుకున్నారు. 2007లో ‘మిస్టర్ సాక్సన్’ అనే రాజకీయ నాయకుడు మాస్టరేనని తేలినప్పుడు, ఆ పేరులోని అక్షరాలు ‘మాస్టర్ నంబర్ ఆరు’ అన్న అర్థమిచ్చేలా కూర్చవచ్చునని వారు కనుగొన్నారు. అది తన ఉద్దేశం కాదని రస్సెల్ టి. డేవీస్ చెప్పాడు.

చిత్రకవిత్వంతో పరిచయమున్న తెలుగు పండితునికి ఈ స్థితి కొత్త కాదు. కవి ఉద్దేశించని శ్లేషను వ్యాఖ్యాత చూపిన సందర్భాలు మనకూ ఉన్నాయి. తాత్పర్యం లేనిచోట చూపిన అర్థం అక్రమమా? సాక్సన్ విషయంలో రచయిత తాత్పర్యం లేదు. కాని ఆ పఠనపద్ధతిని నేర్పింది ధారావాహికే. కనుక అది వ్యక్తి ఉద్దేశానికి చెందకపోయినా ప్రక్రియాసంప్రదాయానికి చెందిన అర్థం. అనేకకర్తృకమైన కృతిలో తాత్పర్యాన్ని ఒక వ్యక్తి మనస్సులో వెతకడం కంటె ఆ సంప్రదాయంలో వెతకడమే సముచితం.

తీరని ఆకాంక్ష, దుర్వినియోగమైన యోగ్యత

ఊహాగానమే ఇతివృత్తమైన సందర్భం 2024లో ఎదురైంది. 2023 క్రిస్మస్ కథలో పరిచయమైన రూబీ సండే, శిశువుగా ఒక చర్చి గుమ్మంలో విడువబడినది. ముసుగు వేసుకొని మంచులో నడచిపోయిన ఆమె తల్లి ఎవరన్న ప్రశ్న చుట్టూ ధారమొత్తం తిరిగింది. అభిమానులు పూర్వకథల్లోని మహిమాన్విత పాత్రలను ఒక్కొక్కటిగా పరిశీలించారు. 2024 జూన్ 22న వచ్చిన ‘ఎంపైర్ ఆఫ్ డెత్’లో తేలింది ఏమంటే, ఆమె పదిహేనేళ్ల వయసులో బిడ్డను కన్న సామాన్య బాలిక. అందరూ ముఖ్యమని తలచినందువల్లనే ఆమె ముఖ్యురాలైందని డాక్టర్ వివరిస్తాడు.

ఈ పరిష్కారంలో ఒక గంభీరమైన మానవీయత ఉంది. అనాథశిశువుకు దైవాంశను ఆపాదించే పురాతన కథాసంప్రదాయాన్ని తిరస్కరించి, తల్లి పేదరికాన్నీ భయాన్నీ గౌరవించింది. అయినా పలువురు అభిమానులు నిరాశపడ్డారు. వారి నిరాశకు కారణం సామాన్యత పట్ల చిన్నచూపు మాత్రమే కాదు. రూబీ మనసు కలతపడినప్పుడల్లా ఎక్కడున్నా మంచు కురియడం అంతకుముందు భాగాల్లో చూపారు. తల్లి సామాన్యురాలైతే ఆ మంచుకు కారణమేమిటి? ఆకాంక్షను వంచించడం కళ కావచ్చు. చూపిన సంకేతాలను బాధితం చేయడం యోగ్యతాలోపం. భావం దృష్ట్యా డేవీస్ నిర్ణయం ఉన్నతమైనది, నిర్వహణ దృష్ట్యా లోపభూయిష్ఠమైనది. ఈ రెండింటినీ వేరుచేసి చెప్పగల సాధనం మన చేతిలో ఉండడమే శాబ్దబోధ దృష్టి ప్రయోజనం.

ఇదే ప్రమాణం అభిమానులకూ వర్తిస్తుంది. 2017 జులైలో జోడీ విటకర్‌ను తదుపరి డాక్టర్‌గా ప్రకటించినప్పుడు, స్త్రీ డాక్టర్ కావడం కథాలోక నియమాలకు విరుద్ధమని కొందరు ఆక్షేపించారు. కాని 2011లోనే ‘ది డాక్టర్స్ వైఫ్’లో కోర్సెయిర్ అనే టైమ్ లార్డ్ స్త్రీరూపం కూడా ధరించినట్టు చెప్పారు. 2014లో మాస్టర్ స్త్రీరూపంలో వచ్చాడు. 2015లో ‘హెల్ బెంట్’లో ఒక సేనాపతి కళ్లెదుటే పురుషరూపం విడిచి స్త్రీ అయ్యాడు. యోగ్యత సిద్ధంగా ఉన్నా లేదన్నవారు చదివింది కథను కాదు, తమ అభిరుచిని. అభిమానుల మాట అయినంత మాత్రాన ప్రతి ఊహా వ్యాఖ్యానం కాదు. పూర్వభాగాలకు జవాబుదారీ వహించేది వ్యాఖ్యానం, వహించనిది ఆదేశం.

2025 మే 31న ‘ది రియాలిటీ వార్’ చివర షూటీ గాట్వా డాక్టర్ దేహాంతరం పొంది బిల్లీ పైపర్ ముఖంతో కనిపించాడు. పేర్ల పట్టికలో కొత్త నటుల పక్కన వాడుకగా ఉండే ‘డాక్టర్‌గా’ అన్న మాట ఆమె పేరు పక్కన లేదు. 1982లో పట్టికను చదవడం నేర్చుకున్న పరంపర ఆ ఒక్క లోపించిన మాటపై వెంటనే విచారణ మొదలుపెట్టింది. మొదటి కథ శీర్షికలో పుట్టిన ఆకాంక్ష చివరి పట్టికలోనూ సజీవంగా ఉంది.

ముగింపు

దీర్ఘ ధారావాహికలో ఆకాంక్ష రచయితది, యోగ్యత కథాలోకానిది, తాత్పర్యం అనేకకర్తృక సంప్రదాయానిది. సన్నిధి మాత్రం శ్రోతది. శ్రోత స్మరించి, భద్రపరచి, పక్కపక్కన పెట్టకపోతే 1963 నాటి పదానికి 2025 నాటి పదంతో అన్వయం లేదు. అందువల్ల ఇటువంటి కృతిపై విమర్శ అభిమానుల ఊహలను అనుబంధ సమాచారంగా కాక, అర్థనిష్పత్తిలో భాగంగా పరిశీలించాలి. అదే సమయంలో వాటిని యోగ్యతాప్రమాణంతో తూచడానికి వెనుకాడరాదు.

ఈ నిర్ణయం మన పరిశోధనకూ ఒక ప్రశ్న వేస్తుంది. తెలుగు వారపత్రికల్లో ధారావాహికలుగా వెలువడిన నవలలను మనం పుస్తకరూపంలోనే చదువుతున్నాం, వాటిపైనే సిద్ధాంతవ్యాసాలు రాయిస్తున్నాం. పుస్తకంలో ఒక ప్రకరణానికీ మరో ప్రకరణానికీ మధ్య ఉన్నది ఒక ఖాళీ పుట. తొలిపాఠకులకు అది ఏడురోజుల నిరీక్షణ. ఆ ఏడురోజుల్లో ఇళ్లలో, కళాశాలల్లో, అద్దెపుస్తకాల దుకాణాల్లో జరిగిన ఊహాపోహలు, పాఠకుల లేఖల శీర్షికల్లో అచ్చయిన అభ్యంతరాలు, అభ్యర్థనలు ఆ నవలల అర్థచరిత్రలో భాగాలు. వాటిని పలికించగల లేఖలు పాత సంచికల్లో ఉన్నాయి. ఆ నిరీక్షణను స్వయంగా అనుభవించిన పాఠకులు ఇంకా మన మధ్య ఉన్నారు. టేపులు చెరిగిపోయినచోట బ్రిటిష్ ప్రేక్షకుడు శబ్దాన్ని నిలిపాడు. సంచికలు శిథిలమవుతున్నచోట మన శ్రోతల మాటను నిలిపే బాధ్యత తెలుగు శాఖలది.